నలుపు తెలుపు ఫిల్మ్‌కి ఏ డెవలపర్ కొనాలి? ముందు నెలకెన్ని రోల్స్ కడుగుతారో లెక్కేయండి

ఇంట్లో ఫిల్మ్ కడగడం మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ డెవలపర్‌లో గ్రెయిన్ తక్కువ?" అని. డెవలపర్ అంటే ఫిల్మ్ మీద పడ్డ చిత్రాన్ని బయటకు తెచ్చే రసాయనం, గ్రెయిన్ అంటే ఫోటోలో కనబడే రేణువులు. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది రెండోది. మొదటిది నెలకు ఎన్ని రోల్స్ కడుగుతారన్నది. గ్రెయిన్‌లో ఉన్న తేడా కనబడాలంటే ఫోటో పెద్దగా ప్రింట్ వేయాలి. సీసాలో చచ్చిపోయిన డెవలపర్ చేసే నష్టం కనబడటానికి ట్యాంక్ మూత తీస్తే చాలు. ఈ పోలికంతా ఆ వరుసలోనే సాగుతుంది: డెవలపర్ ఎన్నాళ్ళు నిలుస్తుంది, దాన్ని కొలవడం ఎంత సులువు, మీ గది ఎంత వేడి, ఇవన్నీ తేలాక చిత్రం ఎలా వస్తుంది.

లెక్క ఇలా వేయండి. ప్యాటర్సన్ లాంటి ట్యాంక్‌లో ఒక 35 ఎంఎం రోల్‌కి 290 మి.లీ., వెడల్పాటి 120 సైజు రోల్ ఒకదానికి 500 మి.లీ. ద్రావణం పడుతుంది. సులువుగా ఉండటానికి 35 ఎంఎంకి 300 అనుకుందాం. డీ-76 పొడి ఒక లీటరు స్టాక్‌గా (నీళ్ళు చేర్చి పలచన చేయని అసలు ద్రావణం) కలిపి 1+1 పలచనలో (ఒక వంతు స్టాక్‌కి ఒక వంతు నీళ్ళు) వాడితే రోల్‌కి 150 మి.లీ. స్టాక్ పోతుంది, అంటే 6 రోల్స్. ఎక్స్‌టాల్ 5 లీటర్ల ప్యాకెట్ అదే పలచనలో 33 రోల్స్. ద్రవంగా వచ్చే రోడినల్ 1+50లో రోల్‌కి 6 మి.లీ. చొప్పున అర లీటరు సీసా 80కి పైగా రోల్స్. హెచ్‌సీ-110 అనే మరో ద్రవం బీ పలచనలో (1+31) రోల్‌కి 9.4 మి.లీ. చొప్పున లీటరు సీసా 100 దాటుతుంది.

పొడి కలిపి చేసుకున్న స్టాక్‌కి ఆయుష్షు నెలల్లో ఉంటుంది. రోడినల్‌కి ఏళ్ళలో ఉంటుంది. నెలకు ఒక్క రోల్ కడిగేవాళ్ళు ఎక్స్‌టాల్ 5 లీటర్లు కలిపితే ముప్పావు వంతు పారబోయక తప్పదు. ఒక ఫ్రేమ్ చోటులో రెండు ఫోటోలు తీసే హాఫ్ ఫ్రేమ్ కెమెరాలు వాడేవాళ్ళకి ఈ లెక్క ఇంకా ముఖ్యం. 2024లో పెంటాక్స్ 17 వచ్చాక ఆ రకం కెమెరాల మీద మళ్ళీ ఆసక్తి పెరిగింది. ఒక్క 36 రోల్‌లో 72 ఫోటోలు పడతాయి కాబట్టి రోల్ పూర్తవడానికి రెట్టింపు కాలం పడుతుంది, డెవలపర్ అన్నాళ్ళూ సీసాలో ఎదురుచూస్తూ ఉంటుంది. పైగా ఫ్రేమ్ వెడల్పు 17 ఎంఎం మాత్రమే, ప్రింట్‌కి ఎక్కువ పెద్దది చేయాలి, గ్రెయిన్ కూడా అంతే పెరుగుతుంది. ఎక్కువకాలం నిలిచేది కావాలి, గ్రెయిన్ తక్కువ ఇచ్చేది కావాలి. ఈ రెండూ ఒకే సీసాలో దొరకడం కష్టం. కింద చూద్దాం.

డీ-76, ఐడీ-11: కొలబద్ద

కొడాక్ డీ-76 1927 నుంచి ఉంది. ఇల్ఫర్డ్ ఐడీ-11 ఆచరణలో దాని జంట. ఏ ఫిల్మ్ డేటాషీట్ తీసినా ఈ రెండిట్లో ఒకదానికి సమయం ఉండి తీరుతుంది. కొత్త ఫిల్మ్ వచ్చిన వారంలోనే దీనికి సమయాలు దొరుకుతాయి. మొదటి డెవలపర్‌గా దీన్ని సూచించడానికి మాకున్న పెద్ద కారణం అదే.

లీటరుకి ఇందులో మెటాల్ 2 గ్రా., సోడియం సల్ఫైట్ 100 గ్రా., హైడ్రోక్వినోన్ 5 గ్రా., బోరాక్స్ 2 గ్రా. ఉంటాయి. సల్ఫైట్ ఎంత ఎక్కువుందో చూడండి. అది గాలి నుంచి డెవలపర్‌ని కాపాడుతుంది, దాంతోపాటు వెండి కణాల అంచులను కొద్దికొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. స్టాక్‌గా వాడితే గ్రెయిన్ మెత్తగా, అంచులు కొంచెం మృదువుగా వస్తాయి. 1+1 చేస్తే సల్ఫైట్ సగమై కరిగించే గుణం తగ్గుతుంది, గ్రెయిన్ కాస్త బయటపడుతుంది, అంచులు పదునెక్కుతాయి. 1+3లో ఇంకా పదును. అంటే ఒక్క ప్యాకెట్‌లో మూడు రకాల చిత్రాలున్నట్టే.

ఇల్ఫర్డ్ ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్‌ని 400 వేగం (ఐఎస్‌ఓ) దగ్గర తీసి ఐడీ-11లో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కడిగితే స్టాక్‌లో 7½ నిమిషాలు, 1+1లో 13, 1+3లో 20 నిమిషాలు. ట్రై-ఎక్స్ 400కి డీ-76 స్టాక్‌లో 6¾, 1+1లో 9¾. 1+3కి మాత్రం చిన్న ట్యాంక్ చాలదు. 300 మి.లీ.లో 75 మి.లీ. స్టాకే ఉంటుంది, రోల్ మధ్యలోనే శక్తి తగ్గిపోతుంది. 500 మి.లీ. పట్టే ట్యాంక్ వాడండి. 1+1లో కూడా 237 మి.లీ.కి ఒక 36 రోల్ కడిగితే సమయం 10 శాతం పెంచమని కొడాక్ సూచన.

కలిపేటప్పుడు జరిగే తప్పులు మూడు. మొదటిది, ప్యాకెట్‌లో సగం ఇప్పుడు, సగం తర్వాత కలుపుదామనుకోవడం. పొడిలో మెటాల్ కొంచెమే ఉంటుంది, ప్యాకెట్ కదిలినప్పుడల్లా బరువైనవి అడుక్కి చేరతాయి. మీరు తీసిన సగంలో ఏది ఎంత వచ్చిందో తెలిసే దారి లేదు. మొత్తం ఒకేసారి కలపాలి. రెండోది, నీళ్ళు చల్లగా ఉండటం. 50 నుంచి 55 డిగ్రీల వేడి నీళ్ళు ముప్పావు లీటరు తీసుకుని, పొడిని కొద్దికొద్దిగా వేస్తూ, నురగ రాకుండా నిదానంగా కలిపి, పూర్తిగా కరిగాక లీటరుకి నింపాలి. ఐడీ-11 రెండు పొట్లాలుగా వస్తుంది, మొదటిది పూర్తిగా కరిగాకే రెండోది. మూడోది, కలిపినదంతా ఒకే పెద్ద సీసాలో పోసి నెలలపాటు సగం ఖాళీగా ఉంచడం. నిండు సీసాలో 6 నెలలు ఉండే డీ-76 సగం ఖాళీ సీసాలో 2 నెలలకే నమ్మకం కోల్పోతుంది. 150 మి.లీ. లేదా 250 మి.లీ. గాజు సీసాల్లో అంచు దాకా నింపుకుంటే ఒక్కో రోల్‌కి ఒక్కో సీసా తీస్తే సరిపోతుంది.

ఇంకో విషయం కొంతమందికి తెలియదు. డీ-76 నిల్వలో బలహీనపడే ముందు కొంత బలపడుతుంది. హైడ్రోక్వినోన్, సల్ఫైట్ కలిసి జరిపే చర్యలో క్షారం పెరుగుతుంది. మూడు నెలల పాత స్టాక్‌లో నెగటివ్‌లు మామూలు కంటే గట్టిగా వస్తే మీ థర్మామీటర్‌ని అనుమానించే ముందు సీసా మీద తేదీ చూడండి.

ఎక్స్‌టాల్, ఎక్స్‌టీ-3: చిత్రం పరంగా ముందున్నది

1996లో కొడాక్ తెచ్చిన ఎక్స్‌టాల్‌లో మెటాల్, హైడ్రోక్వినోన్ లేవు. విటమిన్ సి కుటుంబానికి చెందిన ఆస్కార్బేట్, ఫెనిడోన్ జాతికి చెందిన డైమెజోన్ ఎస్ ఉన్నాయి. నీడల్లో వివరం, గ్రెయిన్, పదును మూడిటినీ కలిపి చూస్తే ఈ పోలికలో ఇదే మొదటి స్థానంలో ఉంటుంది. డీ-76తో పక్కపక్కన పెడితే గ్రెయిన్ కొంచెం సన్నం, నీడలు కొంచెం మెరుగు. తేడా చిన్నదే అయినా నిజమైనది. అడాక్స్ ఎక్స్‌టీ-3 ఇదే తరహాది, సమయాలు అవే వాడొచ్చు, లీటరు ప్యాకెట్‌లో కూడా వస్తుంది. 5 లీటర్లు భయపెడితే దారి అది.

గది ఉష్ణోగ్రత నీళ్ళలోనే కరుగుతుంది. వేడి చేయాల్సిన పని లేదు. 5 లీటర్లకి 4 లీటర్ల నీళ్ళతో మొదలుపెట్టి, 'ఏ' అని రాసిన పొట్లం పూర్తిగా కరిగాక 'బీ' పొట్లం వేసి, చివర 5 లీటర్లకి నింపాలి. 36 రోల్‌కి కనీసం 100 మి.లీ. స్టాక్ ఉండాలి. అంటే 300 మి.లీ. ట్యాంక్‌లో 1+2 దాకా వెళ్ళొచ్చు, 1+3కి 400 మి.లీ. కావాలి. హెచ్‌పీ5 ప్లస్‌కి 20 డిగ్రీల వద్ద స్టాక్‌లో 8, 1+1లో 12 నిమిషాలు.

ఇక దీని లోపం. డీ-76 పాడైతే రంగు మారుతుంది, వాసనో మడ్డో హెచ్చరిస్తాయి. ఎక్స్‌టాల్ నీళ్ళలాగే తేటగా ఉండి, రంగు మారకుండా, నిశ్శబ్దంగా చచ్చిపోతుంది. ఫిల్మ్ ఖాళీగా బయటకొస్తేనే తెలుస్తుంది. కారణాల్లో ముఖ్యమైనది నీళ్ళలోని ఇనుము, రాగి. ఇవి అతి తక్కువ మోతాదులో ఉన్నా ఆస్కార్బేట్ విరిగిపోవడాన్ని వేగం చేస్తాయి. అందుకే కుళాయి నీళ్ళు వద్దు, స్టాక్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. దాంతోపాటు గాలి చేరని నిండు సీసాలు. ఈ రెండూ పాటించలేమనుకుంటే, చిత్రం ఎంత బాగున్నా ఎక్స్‌టాల్ మీకు కాదు. పాటిస్తే ప్రతి రోల్‌కి ముందు ఒక చిన్న పరీక్ష చాలు, అది చివర చెబుతాం.

నెలకు ఐదారు రోల్స్ కడిగేవాళ్ళకి ఇది చవకైనది కూడా. ఇంకా ఎక్కువ కడిగేవాళ్ళు స్టాక్‌ని పారబోయకుండా, రోల్ కడిగిన ప్రతిసారీ 70 మి.లీ. తాజా స్టాక్ చేర్చి అంతే పాతది తీసేస్తూ అదే ద్రావణాన్ని నడిపించుకోవచ్చు. కొన్ని రోల్స్ గడిచాక ఫలితాలు స్థిరపడతాయి. కానీ వారానికి రెండు రోల్స్ కూడా లేనివాళ్ళు ఈ దారి పట్టకూడదు.

రోడినల్: ఏళ్ళ తరబడి నిలిచేది, గ్రెయిన్ దాచనిది

1891లో పేటెంట్ పొందిన ఈ డెవలపర్ ఇప్పటికీ అమ్ముడవుతోందంటే దాని నిల్వ శక్తే కారణం. పారా అమినోఫినాల్, బలమైన క్షారం ఉన్న సాంద్ర ద్రవం. తెరిచిన సీసా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. లేత రంగు నుంచి ముదురు గోధుమ రంగుకి, తర్వాత దాదాపు నలుపుకి మారినా ఫర్వాలేదు. అడుగున స్ఫటికాలు కనబడినా భయపడకండి. అడాక్స్ దీన్ని రోడినల్ పేరుతోనే తయారుచేస్తోంది, ఆర్09 పేరుతోనూ దొరుకుతుంది.

వాడే పలచనలో సల్ఫైట్ దాదాపు లేనట్టే. కాబట్టి గ్రెయిన్‌ని కరిగించదు, ఫిల్మ్‌లో ఎంత ఉంటే అంత, పదునుగా చూపిస్తుంది. 100 వేగం ఫిల్మ్‌లకి, ముఖ్యంగా 120 సైజులో, ఇది వరం. ఎఫ్‌పీ4 ప్లస్, డెల్టా 100, టీ-మ్యాక్స్ 100, ఫోమాపాన్ 100 దీనితో బాగా కుదురుతాయి. 400 ఫిల్మ్‌ని 35 ఎంఎంలో కడిగితే గ్రెయిన్ ముందుకొచ్చి నిలబడుతుంది. అది కావాలనుకునేవాళ్ళున్నారు, సరే. హాఫ్ ఫ్రేమ్‌లో 400 ఫిల్మ్‌కి మాత్రం వద్దు. డెల్టా 3200, టీ-మ్యాక్స్ పీ3200లకి అసలే వద్దు. ఇంకొకటి: నీడల్లో వేగం కొంత తగ్గుతుంది, 400 ఫిల్మ్‌ని 250 లేదా 320 దగ్గర తీస్తే నీడలు నిలుస్తాయి.

హెచ్‌పీ5 ప్లస్‌కి 20 డిగ్రీల వద్ద 1+25లో 6 నిమిషాలు, 1+50లో 11. కొలవడానికి వంటింటి గరిటెలు పనికిరావు. 10 మి.లీ. సిరంజి తీసుకోండి, 1+50కి 300 మి.లీ.లో దాదాపు 6 మి.లీ. ఇక్కడ అర మి.లీ. తేడా కూడా కాంట్రాస్ట్‌ని మారుస్తుంది. సిరంజిని వెంటనే అదే నీళ్ళలో రెండుసార్లు పీల్చి వదలాలి, ద్రవం చిక్కగా గోడలకి అంటుకుంటుంది.

స్టాండ్ డెవలపింగ్ గురించి నాలుగు మాటలు అవసరం. 1+100లో గంటసేపు ట్యాంక్ కదపకుండా ఉంచితే ఏ ఫిల్మైనా, ఏ వేగంలో తీసినా కుదిరిపోతుందని కొత్తవాళ్ళకి గట్టిగా చెప్తుంటారు. దాని వెనకున్న ఆలోచన సరైనదే. కదపకపోతే వెలుతురు ఎక్కువ పడ్డ చోట డెవలపర్ అయిపోయి ఆగిపోతుంది, నీడల్లో పని సాగుతూనే ఉంటుంది, కాంట్రాస్ట్ అదుపులో ఉంటుంది. చిక్కులు రెండు. ఒకటి లెక్క: 1+100లో 300 మి.లీ.కి 3 మి.లీ. కూడా ఉండదు. రోల్‌కి కనీసం 5 మి.లీ. ఉండాలని వాడేవాళ్ళ అనుభవం, అందుకే 500 మి.లీ. కలపాలి. రెండోది మరకలు. డెవలప్ అయిన చోట పుట్టే బ్రోమైడ్ బరువుగా కిందికి జారుతుంది, 35 ఎంఎంలో చిల్లుల పక్కన చారలు, ఆకాశంలో మచ్చలు వస్తాయి. మొదట 30 సెకన్లు బాగా తిప్పి, 30వ నిమిషంలో మరోసారి రెండు మూడు సార్లు మెల్లగా తిప్పితే ఇవి చాలావరకు తగ్గుతాయి. గది వేడిగా ఉంటే గంటలో ఫాగ్ (వెలుతురు పడని చోట కూడా వచ్చే నలుపు) కూడా పెరుగుతుంది. ఏ వేగంలో తీశామో మర్చిపోయిన రోల్‌కి, లోపల ఏ ఫిల్మ్ ఉందో తెలియని పాత రోల్‌కి ఇది మంచి పద్ధతి. ప్రతి రోల్‌కి అలవాటు చేసుకోవద్దని మా గట్టి సలహా, చదునైన నెగటివ్‌లకి అలవాటు పడి కాంట్రాస్ట్‌ని అదుపు చేయడం నేర్చుకోకుండా పోతారు.

హెచ్‌సీ-110: మధ్యేమార్గం, ఒక షరతుతో

కొడాక్ హెచ్‌సీ-110 సాంద్ర ద్రవమే, కానీ చిత్రం డీ-76కి దగ్గరగా ఉంటుంది. గ్రెయిన్ కొంచెం ఎక్కువ, నీడల్లో వేగం ఒక పిసరు తక్కువ. నెలకు ఒకటి రెండు రోల్స్ కడుగుతూ, రోడినల్ గ్రెయిన్ వద్దనుకునేవాళ్ళకి మేము చెప్పేది ఇదే. ఇల్ఫర్డ్ ఇల్ఫోటెక్ హెచ్‌సీ కూడా ఇదే తరహాది, దాని సమయాలు మాత్రం వేరు.

అందరికీ తెలిసిన బీ పలచన 1+31. దానితో చిక్కు సమయం మరీ తక్కువ కావడం. 20 డిగ్రీల వద్ద హెచ్‌పీ5 ప్లస్‌కి 5 నిమిషాలు, ట్రై-ఎక్స్‌కి కొడాక్ ఇచ్చినది 3¾ నిమిషాలు. 5 నిమిషాలకి లోపు సమయాల్లో డెవలపర్ పోయడానికి, పారబోయడానికి పట్టే సెకన్లే పెద్ద తేడా అవుతాయి, ఆకాశం లాంటి సాదా భాగాల్లో అసమానత కనబడుతుంది. అందుకే వాడేవాళ్ళు తమంతట తాము హెచ్ అనే పలచన పెట్టుకున్నారు: 1+63, సమయం బీకి రెట్టింపుతో మొదలుపెట్టడం. హెచ్‌పీ5 ప్లస్‌కి 10 నిమిషాలు. ఇక్కడా లెక్క చూసుకోవాలి. రోల్‌కి కనీసం 6 మి.లీ. సాంద్ర ద్రవం కావాలి, 300 మి.లీ. హెచ్‌లో 4.7 మాత్రమే ఉంటుంది. 400 మి.లీ. కలపండి. రెండు రీళ్ళు పట్టే ట్యాంక్‌లో కింద ఫిల్మ్ ఉన్న రీల్, పైన ఖాళీ రీల్ పెడితే ఫిల్మ్ పైకి జరగకుండా కూడా ఉంటుంది.

షరతు ఏమిటంటే, "హెచ్‌సీ-110 పదేళ్ళయినా పాడవదు" అన్న పాత మాట పాత సీసాలది. అది తేనెలా చిక్కగా, నీరు లేకుండా ఉండేది. 2019లో తయారీ మారింది. ఇప్పటి ద్రవం పలచగా ఉంటుంది, అందులో నీరుంది. డెవలపింగ్ సమయాలు మారలేదు. ఆయుష్షు విషయంలో పాత మాటలు నమ్ముకోకుండా, తెరిచిన తేదీ సీసా మీద రాసి, చిన్న సీసాల్లోకి పంచుకోండి. పలచబడటం వల్ల ఒక మేలు కూడా జరిగింది: సిరంజితో కొలవడం ఇప్పుడు చాలా తేలిక.

పుష్ చేసేవాళ్ళకి

400 ఫిల్మ్‌ని తరచూ 1600 దగ్గర తీసి ఎక్కువసేపు కడిగేవాళ్ళకి (పుష్ అంటే ఇదే) ఇల్ఫర్డ్ డీడీ-ఎక్స్, మైక్రోఫెన్ సరైనవి. ఫెనిడోన్ జాతి రసాయనం ఉండటంతో నీడల్లో మిగిలిన కాస్త వివరాన్నీ బాగా పైకి తెస్తాయి. హెచ్‌పీ5 ప్లస్ 1600కి డీడీ-ఎక్స్ 1+4లో 13 నిమిషాలు, మైక్రోఫెన్ స్టాక్‌లో 11, ఐడీ-11 స్టాక్‌లో 14. ఐడీ-11 కూడా పని చేస్తుందని గమనించారా? ఏడాదికి రెండు రోల్స్ పుష్ చేయడానికి ప్రత్యేకంగా సీసా కొనక్కర్లేదు. డీడీ-ఎక్స్ 1+4 కాబట్టి రోల్‌కి 60 మి.లీ. పోతుంది, లీటరుకి 16 రోల్స్. ఈ పోలికలో రోల్ లెక్కన ఖరీదైనది ఇదే. పుష్ చేసినా ఫిల్మ్ అసలు వేగం పెద్దగా పెరగదని మర్చిపోవద్దు. వెలుతురు అందని నీడని ఏ డెవలపరూ పుట్టించలేదు.

మోనోబాత్, కాఫీ డెవలపర్

సినీస్టిల్ డీఎఫ్96 లాంటి మోనోబాత్‌లో డెవలపర్, ఫిక్సర్ (వచ్చిన చిత్రాన్ని స్థిరపరిచే రసాయనం) ఒకే సీసాలో ఉంటాయి. 27 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, అంతే. చోటు లేనివాళ్ళకి, ప్రయాణంలో కడిగేవాళ్ళకి సౌకర్యం. కానీ రెండు పనులూ ఒకదానితో ఒకటి పోటీపడతాయి కాబట్టి సమయం పెంచి కాంట్రాస్ట్ పెంచుకోవడం కుదరదు, ఉష్ణోగ్రతతో, తిప్పే తీరుతోనే సర్దుకోవాలి. నేర్చుకోవాలనుకునేవాళ్ళకి సూచించం.

కాఫీతో చేసుకునే డెవలపర్ కెఫినాల్ పనిచేస్తుంది, సందేహం లేదు. లీటరుకి నీరులేని వాషింగ్ సోడా 54 గ్రా., విటమిన్ సి 16 గ్రా., ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రా., అదే వరుసలో కరిగించి 20 డిగ్రీల వద్ద 15 నిమిషాలు. విఫలమయ్యేవాళ్ళలో ఎక్కువమంది వాషింగ్ సోడాకి బదులు బేకింగ్ సోడా వేస్తారు, దానికి క్షారం చాలదు, ఫిల్మ్ ఖాళీగా వస్తుంది. వేగమైన ఫిల్మ్‌లకి ఫాగ్ రాకుండా లీటరుకి 1 గ్రా. పొటాషియం బ్రోమైడ్ చేర్చాలి. కలిపిన కాసేపటికే వాడేయాలి, నిల్వ ఉండదు.

గది వేడిగా ఉంటే లెక్క మారుతుంది

డేటాషీట్లన్నీ 20 డిగ్రీలు అంటాయి. మీ కుళాయి నీళ్ళు 27 ఉంటే రెండు దారులు. ఒకటి చల్లబరచడం: పెద్ద టబ్‌లో నీళ్ళు పోసి, మూసిన సంచిలో మంచు వేసి, అందులో సీసాలు నిలబెట్టండి. మంచు డెవలపర్‌లో వేయకూడదు, పలచన చెడుతుంది. రెండోది 24 దగ్గర కడిగి సమయం తగ్గించడం. 20తో పోలిస్తే 24 డిగ్రీల వద్ద సమయం దాదాపు 0.7 వంతుకి వస్తుంది. ఐడీ-11 1+1లో 13 నిమిషాలు 9 అవుతుంది, హాయిగా ఉంది. రోడినల్ 1+50లో 11 నిమిషాలు పావు తక్కువ 8కి వస్తుంది, అదీ ఫర్వాలేదు. ఐడీ-11 స్టాక్ 5¼ నిమిషాలకి వచ్చి అంచున నిలుస్తుంది, హెచ్‌సీ-110 బీ 3½ నిమిషాలకి పడిపోతుంది, అది పనికిరాదు. వేడి గదిలో కడిగేవాళ్ళు స్టాక్‌గా వాడే డెవలపర్‌ని కాక, పలచగా వాడేదాన్ని ఎంచుకోవాలి. ఫిక్సర్, కడిగే నీళ్ళు కూడా డెవలపర్‌కి దగ్గర ఉష్ణోగ్రతలోనే ఉంచండి.

అయితే ఏది?

నెలకు ఒక రోల్ లేదా తక్కువ, 100 వేగం ఫిల్మ్ లేదా 120 సైజు: రోడినల్. ఆలోచించక్కర్లేదు. రోల్స్ అన్నే, కానీ 35 ఎంఎంలో లేదా హాఫ్ ఫ్రేమ్‌లో 400 ఫిల్మ్: హెచ్‌సీ-110ని హెచ్ పలచనలో, లేదా రోల్స్ కూడబెట్టి ఆరు చేరాక ఐడీ-11 లీటరు కలిపి రెండు వారాంతాల్లో అన్నీ కడిగేయడం. ఈ రెండో పద్ధతిని ఎక్కువమంది పట్టించుకోరు, కానీ గ్రెయిన్ విషయంలో మెరుగైనది అదే. తీసిన ఫిల్మ్ చల్లని పొడిచోట కొన్ని నెలలు నిశ్చింతగా ఆగుతుంది, కలిపిన డెవలపర్ ఆగదు.

నెలకు రెండు నుంచి నాలుగు రోల్స్: డీ-76 లేదా ఐడీ-11, 1+1లో. డిస్టిల్డ్ వాటర్ దొరికి, సీసాలు నింపే ఓపిక ఉంటే ఎక్స్‌టీ-3 లీటరు ప్యాకెట్. ఐదు దాటితే ఎక్స్‌టాల్. టీ-మ్యాక్స్ 400, డెల్టా 400 లాంటి ఫిల్మ్‌లు ఎక్స్‌టాల్‌లో తమ పూర్తి బలం చూపిస్తాయి. కెంట్‌మియర్ 400, ఫోమాపాన్ 400 లాంటి చవక ఫిల్మ్‌లకి డీ-76 చాలు. ఫోమాపాన్ 400ని మాత్రం 200 లేదా 250 దగ్గర తీయండి, ఏ డెవలపర్ వాడినా దాని నీడలు 400కి నిలవవు.

రెండు సీసాలు పెట్టుకోదలిస్తే పొడి రకం ఒకటి, రోడినల్ ఒకటి. పొడి అయిపోయిన రోజు రోడినల్ ఆదుకుంటుంది. మూడోది కొనకండి. ఒకే ఫిల్మ్, ఒకే డెవలపర్‌తో పది రోల్స్ కడిగినవాళ్ళకి తెలిసేది, పది డెవలపర్లు ఒక్కోసారి వాడినవాళ్ళకి తెలియదు.

మెటాల్, పారా అమినోఫినాల్ రెండూ కొందరి చర్మానికి పడవు, ఒకసారి దద్దుర్లు మొదలైతే ప్రతిసారీ వస్తాయి. నైట్రైల్ గ్లవ్స్, పొడి కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ గిన్నెలు, సిరంజిలు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.

డెవలపర్ మీద పడే నిందలు

కొత్త డెవలపర్‌కి మారాక ఏదైనా తేడా వస్తే దాన్నే తిడతాం. ముందు ఫిల్మ్ అంచు మీద కంపెనీ ముద్రించిన అక్షరాలు, ఫ్రేమ్ నంబర్లు చూడండి. అవి నల్లగా స్పష్టంగా ఉండి ఫోటోలు పలచగా ఉంటే డెవలపింగ్ సరిగానే జరిగింది, కెమెరాలో వెలుతురు చాలలేదు. అక్షరాలు కూడా వెలిసిపోయినట్టుంటే సమయమో, ఉష్ణోగ్రతో, పలచనో తక్కువైంది. అక్షరాలే లేకుండా ఫిల్మ్ మొత్తం గాజులా ఉంటే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ముందు ఫిక్సర్ పోశారు.

చిల్లుల దగ్గర నుంచి ఫ్రేమ్‌లోకి ముదురు చారలు వస్తే ట్యాంక్‌ని మరీ గట్టిగా తిప్పుతున్నారు. ఇల్ఫర్డ్ చెప్పిన పద్ధతి చాలు: మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయడం, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అంతే. గుండ్రని తేట చుక్కలు గాలి బుడగలవి, తిప్పిన ప్రతిసారీ ట్యాంక్ అడుగుని బల్ల మీద తట్టాలి. టీ-మ్యాక్స్ నెగటివ్‌లో గులాబీ ఛాయ, ఏ ఫిల్మ్ మీదైనా పాలలాంటి మసక, ఫిక్సర్ చాలకపోవడానికి గుర్తులు. గదిలో వెలుతురు ఉన్నప్పుడే ఫిల్మ్ మొదటి ముక్కని కొంచెం కత్తిరించి ఫిక్సర్‌లో వేసి, ఎన్ని సెకన్లలో తేటపడుతుందో చూసి, దానికి రెట్టింపు నుంచి మూడింతల సమయం ఫిక్స్ చేయండి. మసక వచ్చిన రోల్‌ని తాజా ఫిక్సర్‌లో మళ్ళీ వేస్తే చాలాసార్లు బాగైపోతుంది.

డెవలపర్‌కి కూడా అదే ముక్కతో పరీక్ష. రోల్‌ని రీల్‌కి ఎక్కించేముందు బయటకున్న ఫిల్మ్ కొసని రెండు అంగుళాలు కత్తిరించి, కలిపి పెట్టుకున్న డెవలపర్‌లో వెలుతురులోనే సగం ముంచండి. మీరు అనుకున్న డెవలపింగ్ సమయంలోపు ముంచిన సగం దట్టమైన నలుపుకి రావాలి. బూడిద రంగు దగ్గర ఆగిపోతే, లేదా అసలు మారకపోతే, ఆ సీసాని పక్కన పెట్టి కొత్తది కలపండి. రోల్ ఇంకా డబ్బీలోనే ఉంది.